ఎర్రదారం అంచు

ఇనప్పెట్టె ఇంకా గుమ్మానికి అడ్డంగానే ఉంది.

నిన్న మధ్యాహ్నం షూటింగు నుంచి తిరిగొచ్చిన మాస్టారు ఎవరితోనూ నోరు మెదపలేదు. తన గదిలోకి వెళ్ళి బట్టలు మడత పెట్టుకున్నారు. పెట్టె ఈడ్చుకొచ్చి గుమ్మంలో పెట్టారు. తెల్లవారగానే బూట్లు బిగించుకుని దాని పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఇప్పుడు తొమ్మిదయింది. ఆ మనిషి వెళ్ళనూ లేదు, లోపలికి రానూ లేదు.

ఇంట్లో తిరిగేవాళ్ళందరూ పెట్టెను దాటుకునే తిరుగుతున్నారు. వంటమనిషి దాటింది. కారు తాళాల కోసం వచ్చిన డ్రైవరు దాటాడు. కూతురి ఆడపడుచు రెండుసార్లు దాటి, మూడోసారి మోకాలు కొట్టుకుని, కాలు రుద్దుకుంటూ అక్కడే నిలబడిపోయింది.

“రెండు నెలల్నుంచి గేటు దగ్గర కాపలా కాశారు. ఇవాళ గుమ్మం దాకా ప్రమోషన్ ఇచ్చారా మాస్టారూ?” అంది.

ఆయన నవ్వలేదు. సినిమా హీరో అయిన తమ్ముడి డేట్లూ ఫోన్లూ చూసుకుంటూ ఈ ఇంట్లోనే ఉంటున్న ఆమెకు మాట విసరందే పూట గడవదు. మామూలు రోజుల్లో మాస్టారు ఆ మాటలకు, రింగులో దెబ్బ తప్పించుకున్నట్టు, తల ఒక పక్కకు వంచి నవ్వేవారు. ఇవాళ తల కదపలేదు.

కూతురు టీ గ్లాసు తెచ్చి ఆయన పక్కనున్న కిటికీ అంచు మీద పెట్టింది. ఇందాకటి గ్లాసు అక్కడే చల్లారి మీగడ కట్టి ఉంది. దాన్ని తీసి దీన్ని పెట్టింది.

“నాన్నా, ఎవరేమన్నారో చెప్పు.”

“ఎవరూ ఏమీ అనలేదు. చాలా మర్యాదగా చూశారు. కుర్చీ వేశారు. ఎండ తగలకుండా గొడుగు పట్టారు.”

“మరి?”

“మీ ఆయన్ని అడుగు.”

ఆ మాట అని ఆయన కుడిచేతిని ఎడమచేత్తో కప్పుకున్నారు. కుడిచేతి నడిమి వేలికి కణుపు లేదు. ముప్పై ఏళ్ళ కిందట, పెద్ద పోటీలో, మూడో రౌండులో విరిగి లోపలికి కుంగిపోయింది. ఆ తర్వాత ఆయన మళ్ళీ రింగు ఎక్కలేదు. చలి రోజుల్లో ఆ చెయ్యి లాగుతుంటే తల్లి నూనె వెచ్చబెట్టి తెచ్చేది, చిన్నప్పుడు ఆ గుంటలో వేలు పెట్టి మర్దనా చేసే పని కూతురిది. నాన్న చేతిలో పతకం లేకపోయినా ఆ గుంట ఉంది, అదే పతకం అనుకుని పెరిగింది.

ఆయన ఆ చేతిని కూతురికి కనిపించకుండా దాచుకోవడం ఆమె చూడడం ఇదే మొదటిసారి.

ఆమె మేడ మీదికి వెళ్ళింది.

పై గదిలో భర్త అద్దం ముందు కూర్చుని చేతులకు క్రీము రాసుకుంటున్నాడు. ఏడాది పాటు ఆ చేతులు ఆమె కళ్ళముందే మొరటుబారాయి. బాక్సింగ్ సినిమా ఒప్పుకున్న నాటి నుంచి అతనికి మామగారే గురువు. డాబా మీద ఇసక సంచి వేలాడదీశారు. పొద్దున ఐదింటికి తలుపు కొట్టి లేపారు. అల్లుడుగారూ అనడం మానేసి ఒరేయ్ అనడం మొదలుపెట్టారు. డాబా దిగాక మళ్ళీ అల్లుడుగారూ అనేవారు. ఆ ఒరేయ్ అనే పిలుపు వినడానికే పొద్దున్నే లేస్తున్నానని అతను ఒకసారి ఆమెతో అన్నాడు. అప్పుడు ఆమెకు ఎంత సంతోషం వేసిందో.

ఇప్పుడు సినిమా అయిపోయింది. అతను ఒక ప్రేమకథలో నటిస్తున్నాడు. అందులో కథానాయిక పాట పొడుగునా అతని చెయ్యి పట్టుకునే తిరుగుతుందట. అందుకని చేతులు మళ్ళీ మెత్తబడాలి. నెల తిరక్కుండానే మెత్తబడ్డాయి కూడా.

“రండి నిర్మాతగారూ,” అన్నాడు అద్దంలోంచే. “మంచం మీద సెన్సారు కాగితాలున్నాయి. మూడు చోట్ల సంతకం. రేపు పొద్దున్నే పంపాలి.”

బాక్సింగ్ సినిమా ఆమె పేరు మీద తీశారు. ఎందుకలాగని అడిగితే, హీరోల ఇళ్ళలో అంతా అలాగే చేస్తారని ఆడపడుచు చెప్పింది. నిర్మాతగారూ అని అతను వేళాకోళంగా పిలవడమే తప్ప ఇంతవరకు ఆ మాటకు ఆమె దగ్గర విలువేమీ లేదు.

ఆమె కాగితాల వైపు చూడలేదు. నిన్న నాన్నతో ఏం షాటు తీయించారని అడిగింది.

అతను తేలిగ్గానే చెప్పాడు. ఒక్క షాటు మిగిలిపోయింది. పోటీకి ముందు హీరో చేతికి గుడ్డ పట్టీ చుట్టుకునే షాటు. కెమెరా చేతుల మీదే ఉంటుంది, ముఖం కనబడదు. తను ఇంకో సెట్లో ఉన్నాడు. ఉన్నా ఈ చేతులు పనికి రావు. డైరెక్టరుకు బాక్సరు చేతులు కావాలి. మామయ్య చేతులకన్నా మంచివి ఎక్కడ దొరుకుతాయి? అందుకే కారు పంపాడు. గౌరవంగానే పంపాడు.

“పట్టీ చుట్టుకున్నంత మాత్రాన మా నాన్న పెట్టె సర్దుకుంటారా?”

అతను క్రీము డబ్బా మూత తిప్పుతూ ఉండిపోయాడు. మూత బిగిశాక కూడా తిప్పుతూనే ఉన్నాడు.

“ఆయన నీకెప్పుడూ చెప్పలేదా?” అన్నాడు చివరికి.

“నాకు చెప్పకుండా మీకు చెప్పిన సంగతి ఒకటుందని ఇప్పుడే తెలిసింది.”

అప్పుడు చెప్పాడు. గొంతులో మొదట కొంచెం బెరుకుంది. చెప్పే కొద్దీ అది పోయి, మంచి కథ చెప్పేవాడి ఉత్సాహం వచ్చింది. ఆ ఉత్సాహం చూసి ఆమెకు ఒళ్ళు మండింది.

ముప్పై ఏళ్ళ కిందట మాస్టారు మంచి ఊపు మీద ఉన్నారు. వరసగా పదకొండు పోటీలు గెలిచారు. పేపర్లో ఫొటోలు పడ్డాయి. ఆ రోజుల్లో పందేలు కాసే ఒక ఆసామి వ్యాయామశాలకు రోజూ వచ్చి కూర్చునేవాడు. అతను సినిమాలు కూడా తీసేవాడు. మాస్టార్ని స్టూడియోకి తీసుకెళ్ళి, ముఖానికి రంగు వేయించి, ఫొటోలు తీయించాడు. నువ్వే హీరోవి, వచ్చే నెలలో సినిమా మొదలు అన్నాడు. పెద్ద పోటీ ముందురోజున, అది ఒక్కటీ ఓడిపోవాలన్నాడు.

“అప్పుడు ఇంట్లో కష్టమేమీ లేదట. అప్పూ లేదు, జబ్బూ లేదు. సినిమా మీద ఆశ, అంతే. ఒప్పుకున్నాడు,” అన్నాడు భర్త. “కానీ అసలు సంగతి అది కాదు. ఓడిపోవడం తనకు చేతకాదని ఆయనకు భయం. గంట మోగితే చెయ్యి దానంతటదే లేస్తుంది. ఆ చేతినే నమ్మలేకపోయాడు. అందుకని ఏం చేశాడో తెలుసా? సరిగ్గా కట్టిన పట్టీని స్నానాల గదిలోకి వెళ్ళి విప్పేసి, మళ్ళీ కట్టుకున్నాడు. గుడ్డంతా మణికట్టు మీద చుట్టి, కణుపుల మీద ఒకే ఒక్క చుట్టు. పైకి చూస్తే లావుగా, పద్ధతిగా ఉంటుంది. పైన గ్లవ్ ఎలాగూ ఉంది. గట్టిగా కొడితే తన ఎముకే విరగాలి. మూడో రౌండులో విరిగింది. ఎవరికీ అనుమానం రాలేదు. ఇలాంటి సీను ఏ రచయిత రాయగలడు, చెప్పు.”

“మీతో ఎందుకు చెప్పారు ఇదంతా?”

ఓడిపోయే సీను ఎన్నిసార్లు చేసినా తనకు రాలేదట. ఓటమంటే ఎలా ఉంటుంది మామయ్యా అని డాబా మీద అడిగాడట. ఆయన ఎవరితోనూ అననని మాట తీసుకుని చెప్పారట. తను ఎవరితోనూ అనలేదట. రచయితతో మాత్రం, ఎవరో ఒక బాక్సరు ఇలా చేశాడట అన్నాడట. పేరు చెప్పలేదట.

ఆమె కిటికీ వైపు తిరిగింది. కింద గేటు దగ్గర నాన్న రోజూ కూర్చునే సిమెంటు చప్టా ఖాళీగా ఉంది.

“నిన్న ఆ షాటే తీస్తారని మీకు తెలిసే పంపారా?”

నాలుగైదు మాటలకు సరిపడినంతసేపు అతని నోరు కొంచెం తెరుచుకునే ఉంది. కెమెరా ముందు అలాంటి మౌనానికి అతనికి మంచి పేరుంది. ఇది అది కాదని ఆమెకు తెలుసు.

“ఇది నా ఐదో సినిమా,” అన్నాడు. “వెనకటి రెండూ పోయాయి. నీకేం తెలుస్తుంది. ఆ షాటు సినిమాకి ప్రాణం.”

మా నాన్నకి కూడా అనబోయి ఆమె ఊరుకుంది. కాగితాలు తీసుకుని కిందికి దిగింది.

మాస్టారు టీ తాగలేదు. కూతురు పెట్టె మీద కూర్చుంది. చిన్నప్పుడూ అలాగే కూర్చునేది, కాళ్ళు నేలకు అందేవి కావు.

తెలిసిందని ఆమె అనక్కర్లేకపోయింది. మొహం చూసే ఆయన గ్రహించారు.

నిన్న జరిగింది ఆయనే చెప్పారు, మెల్లగా, ఎదురుగా ఉన్న గోడతో చెబుతున్నట్టు. పట్టీ కట్టుకోవడం మొదలుపెట్టి అలవాటు చొప్పున కణుపుల మీద నాలుగు చుట్లు వేశారట. డైరెక్టరు ఆపాడు. మంచివాడు, వయసులో చిన్నవాడు. అలా కాదండీ, గుడ్డంతా మణికట్టు మీదే రానివ్వండి, కణుపుల మీద ఒక్క చుట్టు చాలు, పైకి మాత్రం బాగా కట్టినట్టే ఉండాలి అన్నాడు. ఆ కిటుకు తెలిసినవాళ్ళు లోకంలో ఇద్దరే. ఒకరు తను. రెండోవాడు ఆ రోజు అక్కడికి రాలేదు.

“లేచి వచ్చేయలేకపోయావా?”

“దీపాలన్నీ వెలిగించారు. యాభై మంది నిలబడ్డారు. నా చేతుల వైపే చూస్తున్నారు.” ఆయన పెదవులు వంకర తిరిగాయి. “ముప్పై ఏళ్ళ కిందట దేనికోసం ఆశపడ్డానో అది నిన్న దొరికింది. సినిమాలో పడ్డాను. చేతులు మాత్రమే.”

మూడుసార్లు కట్టించారట. రెండోసారి బాగానే వచ్చిందిగానీ కెమెరా తడబడిందట. మూడోసారి కట్టడం అయ్యాక అందరూ చప్పట్లు కొట్టారట.

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. ఆడపడుచు తలుపు వెనక ఉందని ఇద్దరికీ తెలుసు.

“గుడ్డ చివర ఎర్రదారం అంచు ఉంది,” అన్నారాయన.

ఆ మాటతో ఆమె పెట్టె మీంచి లేచి నిలబడింది.

ఆ రోజుల్లో మాస్టారికి పట్టీలు కట్టేది, రింగు మూలన నిలబడి నీళ్ళు పట్టేది ఆమె మేనమామ. తల్లికి ఒక్కగానొక్క తమ్ముడు. పట్టీల చివర ఎర్రదారంతో అంచు కుట్టడం అతని అలవాటు. ఆమెను భుజాల మీద ఎక్కించుకుని ఊరంతా తిప్పినవాడు. చెయ్యి విరిగిన సాయంత్రం డాక్టరు కత్తెరతో గ్లవ్ కోసి, పట్టీ చూసి, ఇదెవరు కట్టారని అడిగాడట. అందరూ మామయ్య వైపు చూశారు. నేనే కట్టానన్నాడు మామయ్య. నిజమే కదా, మొదట కట్టింది అతనే.

అప్పటికి ఆమెకు ఏడేళ్ళు. ఆ రోజు గుమ్మంలో ఏం జరిగిందో బాగా గుర్తు. తల్లి ఏడవలేదు, అరవలేదు. ఆయన చెయ్యి తీసేశావు, ఇక ఈ గడప తొక్కకు అంది. మామయ్య చెప్పులు చేత్తో పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు, వేసుకోవడం మరిచిపోయినట్టు. నాన్న లోపలి గదిలో మంచం మీద ఉన్నారు. తలుపు తీసే ఉంది. మామయ్య ఆ తలుపు వైపు చూశాడు. లోపలి నుంచి ఒక్క మాట రాలేదు.

ఆ తర్వాత మామయ్య ఎక్కడో దూరాన కుట్టుమిషన్లు బాగు చేసుకుంటూ బతుకుతున్నాడని విన్నారు. పెళ్ళి చేసుకోలేదు. ఏటా ఆ పోటీ జరిగిన నెలలో ఒక పార్సెల్ వచ్చేది. లోపల చేతి పట్టీలని పైనుంచి నొక్కితేనే తెలిసేది. తల్లి విప్పనిచ్చేది కాదు. తప్పు చేసినవాడు కప్పం కడుతున్నాడులే అని బీరువా మీద పడేసేది. ఆమె పోయినప్పుడు తమ్ముడికి ఎవరూ కబురు పంపలేదు. తర్వాత మాస్టారు కూతురింటికి వచ్చేశారు. పార్సెళ్ళూ ఇక్కడికే వచ్చాయి. హీరో ఇల్లు కనుక్కోవడం ఎవరికి కష్టం?

“నువ్వు మామయ్య పేరు చెప్పావా ఆ రోజు?”

“చెప్పలేదు.”

“కాదని చెప్పావా?”

ఆయన తల దించుకున్నారు.

“అమ్మ పోయేదాకా కూడా చెప్పలేదు.”

“ఎలా చెప్పను? మీ అమ్మ తమ్ముడిని వదులుకుంది నాకోసం. తీరా వాడు కాదు, నేనే అంటే, ఆ ఒక్కగానొక్కడూ పోయాడు, నేనూ పోతాను. ఇంక ఆవిడకు ఎవరు మిగులుతారు? రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకున్నాను. ఆ రేపు రానే లేదు.”

భర్త మెట్లు దిగి వచ్చాడు. ముఖం కడుక్కుని, తల దువ్వుకుని, మాట్లాడాల్సిన మాటలు సిద్ధం చేసుకుని వచ్చాడని నడకలోనే తెలుస్తోంది. వెనకాలే ఆడపడుచు కూడా తలుపు చాటు నుంచి బయటికొచ్చింది.

అతను మామగారి కుర్చీ పక్కన గొంతుక్కూర్చున్నాడు. తప్పయిందన్నాడు. ఎడిటరుతో ఇప్పుడే మాట్లాడానని, ఆ షాటు తీసేయిస్తానని చెప్పాడు. చెయ్యి విరిగింది, ఓడిపోయాడు, అంతవరకే ఉంటుంది, పట్టీ సంగతే ఉండదు. సినిమా కొంత దెబ్బ తింటుంది, తినేది తింటుంది. బదులుగా మామయ్య చెయ్యాల్సింది ఒక్కటే. వచ్చే వారం పాటల విడుదల సభలో తన పక్కన నిలబడి, వీడు నా శిష్యుడు అని ఒక్క ముక్క చెప్పాలి. అసలు సిసలు బాక్సరు అలా అంటే చాలు, పేపర్లు అదే రాసుకుంటాయి.

“పెట్టె లోపల పెట్టించనా మామయ్యా?”

మాస్టారు అతని మొహంలోకి కాసేపు చూశారు. “అలాగే కానివ్వండి,” అన్నారు.

ఒరేయ్ అనలేదు. అది అతనూ గమనించాడు. అయినా లేచి నిలబడి ఊపిరి వదిలాడు. ఆడపడుచు కూడా ఊపిరి వదిలి, ఇంత చిన్నదానికి నా మోకాలు చితికిందని, పెట్టె ఒక కొస పట్టుకుంది. అతను జేబులోంచి కలం తీసి భార్యకు అందించాడు.

ఆమె కలం తీసుకుంది. కాగితాలు పెట్టె మూత మీద పరిచింది. మొదటి సంతకం చోట కలం ఆనించి ఆగింది.

“ఆ పట్టీ మీకెక్కడిది?”

“ఏ పట్టీ?”

“నిన్న షాటులోది. ఎర్రదారం అంచున్నది.”

అతను నొచ్చుకున్నట్టు మొహం పెట్టాడు. ఇప్పుడు దొరికేవన్నీ సాగే పట్టీలట. డైరెక్టరుకు పాతకాలపు నూలుగుడ్డ కావాలన్నాడట. మామయ్య పెట్టెలో అలాంటి పార్సెళ్ళు ముప్పై దాకా ఊరికే పడున్నాయి, ఎవరూ విప్పను కూడా విప్పలేదు. పైనున్నది ఒకటి తీసి పంపాడు. అదీ తప్పేనా?

“అందులో చీటీ ఏమైనా ఉందా?”

అతను వెంటనే లేదన్నాడు. ఆడపడుచు పెట్టె కొస వదిలేసింది.

“ఉంది కదరా. నాకు చదివి వినిపించావు. డైలాగుగా పెట్టిస్తానన్నావు,” అంది.

తమ్ముడి వైపు నిలబడి మాట్లాడడం తప్ప మరో పని లేని మనిషి ఆ మాట ఎందుకందో అతనికి అర్థం కాలేదు. బహుశా ఆమెకూ అర్థం కాలేదు. అక్కవైపు గుర్రుగా చూసి, పర్సులోంచి నాలుగు మడతల కాగితం తీసి ఇచ్చాడు.

కూతురు విప్పింది. మిషన్ నూనె మరకలున్న కాగితం. పెద్ద పెద్ద అక్షరాలు.

‘బావా, ఈసారి బాగా కట్టడం తెలిసినవాళ్ళ చేత కట్టించుకో.’

అంతే. ముప్పై ఏళ్ళుగా రింగు ఎక్కని మనిషికి.

ఆమె దాన్ని తండ్రి చేతికిచ్చింది. ఆయన అద్దాలు లేకుండా, కాగితం దూరంగా పెట్టి చదువుకున్నారు. చదివాక కూడా దూరంగానే పట్టుకుని ఉండిపోయారు.

ఆమె కలం మూత పెట్టేసింది.

“షాటు ఉండనివ్వండి,” అంది.

భర్తకు ముందు సంతోషం కలిగింది, తర్వాత అనుమానం కలిగింది. మాస్టారు తలెత్తారు. ఆ చూపులో ఉన్న భయం ఆమె ఇంతకు ముందు ఎప్పుడూ చూడలేదు. పదకొండు మందిని కింద పడేసిన మనిషి కళ్ళు అవి.

“అమ్మాయ్, వాడు సినిమా చూస్తాడు. మీ ఆయన సినిమా ఏదీ వదలడని విన్నాను. గుడ్డ చూస్తాడు, అంచు చూస్తాడు. తను కుట్టినదని తెలుస్తుంది. ఆ కట్టు చూస్తే ఇంకేం చెప్పక్కర్లేదు. అందరి మధ్యా కూర్చుని, ఆ చీకట్లో…”

“అందుకే ఉండనివ్వమంటున్నాను. మీ ఇద్దరూ కలిసి దాన్ని తీసేస్తే మామయ్యకు ఇంకెప్పటికీ తెలియదు. ఆయన పోయేదాకా నీ చెయ్యి తనే విరిచాననుకుంటాడు.” ఆమె గొంతు పెరగలేదు. “పెట్టె సర్దుకునే ఉన్నావు. కారు వాకిట్లో ఉంది. వెళ్ళు నాన్నా. నీ నోటితో నువ్వే చెప్పు. చెప్పి వచ్చిన రోజున ఆ షాటు నేనే తీసేయిస్తాను. అప్పటిదాకా వీటి మీద సంతకం పెట్టను.”

రేపు పొద్దున కాగితాలు వెళ్ళకపోతే విడుదల తేదీ పోతుందని భర్త అన్నాడు. నిర్మాతగారికి తెలుసని ఆమె అంది. ఆ మాటలో వేళాకోళం లేదు.

తండ్రి విషయంలో ఇంత కాఠిన్యం ఆడదానికి తగదని ఆడపడుచు మొదలుపెట్టి, మధ్యలో ఎందుకో మానేసి, వంటింట్లోకి వెళ్ళిపోయింది.

గుమ్మం దగ్గర ముగ్గురే మిగిలారు. ఎవరో ఒకరు ఒక మెట్టు దిగితే మిగతా ఇద్దరూ దిగుతారు. ఎవరూ దిగలేదు.

చాలాసేపటికి మాస్టారు లేచి పెట్టె మూత ఎత్తారు. పైన రెండు జతల బట్టలు, ఒక తువ్వాలు. వాటి కింద అంతా పార్సెళ్ళే. గోధుమరంగు కాగితాలు, అడుగున ఉన్నవి పసుపుబారి, అంచులు చీకిపోయి ఉన్నాయి. చిరునామా కోసమే తెరిచారని ఆమెకు అర్థమైంది. వెళ్తారు. నాన్న వెళ్తారు.

ఆమె మోకాళ్ళ మీద కూర్చుని పార్సెళ్ళు తీయసాగింది. మామయ్య ఇల్లు మారి ఉండవచ్చు, అన్నింటికన్నా కొత్తదాని మీది అడ్రసు చూడాలి. తపాలా ముద్రలు చదువుతూ ఏడాదివారీగా నేల మీద పేర్చింది. అక్షరాలు ఏటేటా పెద్దవవుతూ వచ్చాయి, చూపు మందగించినవాడి రాతలా. కిందటేడాదిది లేదు. అదే భర్త తీసి పంపినది.

“ఈ ఏడాదిది ఏది నాన్నా? ఆ నెల వచ్చి పోయిందిగా.”

మాస్టారు చీటీ మడతల వెంబడే మళ్ళీ మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నారు.

“రాలేదు. ఇన్నేళ్ళలో ఇదే మొదటిసారి,” అన్నారు.

“ఇంకెవరైనా తీసి పెట్టారేమో. గేటు దగ్గర ఎవరికైనా ఇచ్చారేమో.”

“గేటు దగ్గర నేనే ఉన్నాను కదమ్మా.” ఆయన గేటు పక్కన ఖాళీగా ఉన్న చప్టా వైపు చూశారు. “రెండు నెలలుగా తపాలా మనిషి కోసమే కూర్చుంటున్నాను. నువ్వు ఎండ కోసం అనుకున్నావు.”

బయట డ్రైవరు కారు వెనక డిక్కీ తెరిచి పట్టుకున్నాడు. ఎక్కడికి సార్ అని అడిగాడు.